గోలకొండ సముద్రద్వారం – మచిలీబందరు



ఈనాడు లింగంపల్లి మొదలు హైటెక్ సిటీ వరకు బారులు తీరిన అద్దాల మేడలలో మన యువతీయువకులు రాత్రింబవళ్ళు సముద్రాల ఆవలి దేశాలతో లావాదేవీలు జరుపుతున్నారు. ఇక్కడినుండి సముద్రం కంటికి కనిపించదు. అలల చప్పుడు చెవికి వినిపించదు. అయినప్పటికీ విదేశ వ్యాపారం ఈ నేలకు కొత్త విద్య కాదు. లింగంపల్లికి కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న గోలకొండ, నాలుగు వందల ఏండ్లనాడే పారశీకంతోను, అరేబియాతోను, సయాముతోను, ఐరోపా దేశాలతోను వర్తకం సాగించినది. ఆ వర్తకమంతా ఒక్క వాకిలి గుండానే ప్రధానంగా నడిచినది. ఆ వాకిలి హైదరాబాదుకు సుమారు 340 కిలోమీటర్ల దూరాన, కృష్ణానది సముద్రంలో కలిసే చోటుకు చేరువలో ఉన్న మచిలీపట్నం.

బందరు అన్నా, మచిలీబందరు అన్నా, మచిలీపట్నం అన్నా ఒకటే ఊరు. 'బందర్' అంటే పారశీక భాషలో రేవు. రేవు అనే మాటే ఊరి పేరైపోయినదంటే, ఒకప్పుడు ఈ తీరంలో రేవు అనగానే జనానికి ఏ ఊరు స్ఫురించేదో వేరే చెప్పనక్కరలేదు.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన 'పెరిప్లస్' అనే గ్రంథంలో ఈ తీరానికి 'మసాలియా' అనే పేరు కనిపిస్తుంది. ఇక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని అతడు వ్రాసినాడు. తరువాతి శతాబ్దంలో టాలెమీ దీనినే 'మైసోలియా' అన్నాడు. విచిత్రమేమంటే, మధ్యధరా సముద్రతీరాన, నేటి ఫ్రాన్సు దేశంలో, గ్రీకులు సుమారు క్రీస్తుపూర్వం 600లో స్థాపించుకున్న మరొక రేవు పేరు 'మస్సాలియా'. అదే నేటి మార్సేయి. ఈ రెండు పేర్లకు ఏదో బంధుత్వమున్నదని నేను చెప్పబోవడం లేదు. కాని ఒకే రకం పేరుతో వినిపించిన ఈ రెండు రేవుల బ్రతుకులను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, బందరు కథ మనకు మరింత తేటగా బోధపడుతుంది.

టాలెమీ పేర్కొన్న 'కంటకొస్సిల' మచిలీపట్నానికి పడమటగా ఉన్న నేటి ఘంటసాల అని పండితుల నిర్ణయం. అక్కడి బౌద్ధస్తూపం శిథిలాలలో మహానావికుడైన శివకుడనే వాని శాసనం దొరికినది. ఓడల యజమాని దానం చేసి పేరు చెక్కించుకోగలిగినాడంటే, ఆనాటి సముద్ర వ్యాపారం ఎంత గౌరవప్రదమైనదో ఊహించుకోవచ్చును. కాకతీయుల కాలానికి ప్రాధాన్యం దక్షిణంగా ఉన్న మోటుపల్లి రేవుకు దక్కినది. అక్కడ గణపతిదేవ చక్రవర్తి 1244లో విదేశ వర్తకులకు అభయశాసనం వేయించినాడు. తుఫానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారట. తాను అట్లు చేయక, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొంటానని ఆయన మాట ఇచ్చినాడు. మధ్యధరా తీరపు వెనిస్ నగరం నుండి బయలుదేరిన మార్కోపోలో, ఆ శతాబ్దం చివరలో మోటుపల్లిని గురించి, ఆ రాజ్యాన్ని ఏలిన రాణిని గురించి, అక్కడి వజ్రాలను, పలుచని బట్టలను గురించి వ్రాసినాడు.

కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నానికి దశ తిరిగినది. డచ్చివారు 1605లో ఇక్కడికి వచ్చి వర్తకస్థానం నెలకొల్పుకున్నారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఆంగ్లేయులు దిగినారు. 1634లో అబ్దుల్లా కుతుబ్‌షా వారికి సుంకాల మినహాయింపుతో ఫర్మానా ఇచ్చినాడు. దానిని వారు 'బంగారు ఫర్మానా' అని మురిసిపోతూ చెప్పుకొనేవారు. 1669లో ఫ్రెంచివారు కూడ వచ్చి చేరినారు. 1639లో చెన్నపట్నానికి పునాది పడినప్పుడు, ఆ ప్రయత్నానికి అండగా నిలిచిన ఆండ్రూ కోగన్ బందరు కొఠీకి పెద్ద. కాబట్టి చెన్నపట్నానికి ఒక విధంగా బందరు పెద్దక్క.

వజ్రవ్యాపారి తావెర్నియే 1652లో గోలకొండ రాజుగారి ఓడలోనే పారశీక తీరం నుండి బందరు చేరినాడు. ఊరిలోని ఇండ్లు కర్రవని, కట్టడం అంత చక్కనిది కాదని పెదవి విరిచినప్పటికీ, బంగాళాఖాతంలో ఇంతటి రేవు మరొకటి లేదని ఒప్పుకున్నాడు. పెగూకు, సయాముకు, అరకానుకు, మక్కాకు, హొర్ముజ్‌కు, సుమత్రాకు ఇక్కడినుండి ఓడలు పోయేవట. ఇస్ఫహాను ప్రాంతం నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, వజ్రాల వ్యాపారంలో పైకెదిగి, ఈ బందరుకు అధికారియై, పిమ్మట గోలకొండకు మీర్ జుమ్లా అయిన మహమ్మద్ సయ్యద్ కథ ఆనాటి ఈ రేవు వైభవానికి నిదర్శనం. చివరి సుల్తాను తానీషా 1678లో స్వయంగా ఈ రేవును చూడవచ్చినాడు.

ఇంతకూ ఈ ఓడలలో ఎక్కిన సరుకేమిటి? వజ్రాల మాట అందరికీ తెలిసినదే. కాని ఊరికి అన్నం పెట్టినది వజ్రం కాదు, గుడ్డ. బందరు కలంకారీ అద్దకం ఒక్కనాటిలో తెమిలే పని కాదు. ముందు నూలుబట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో ఊరబెట్టి తీసిన ద్రవాన్ని చెక్క అచ్చుతో అద్దితే, కరక్కాయలోని వగరుతో కలిసి నల్లని గీతలు తేలుతాయి. ఎరుపు రావలసిన చోట పటికనీటితో అద్ది, బట్టను పారే నీటిలో జాడించి, రంగువేళ్ళతో కలిపి పెద్ద కాగులలో ఉడికిస్తారు. పటిక అంటిన చోటనే ఎరుపు పట్టుకొంటుంది. తక్కిన చోట నిలువదు. ఈ తీరపు ఇసుకనేలలలో పెరిగిన చిరివేరు ఇచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులకైనా వెలియదని ప్రఖ్యాతి పొందినది.

ఉతికితే పోని రంగు! ఐరోపావారిని ముగ్ధులను చేసినది ఇదే. 1648లో మార్సేయి నగరంలో పేకముక్కలు తయారుచేసే ఒకాయన, అచ్చులు చెక్కే మరొకాయనతో పొత్తు కలిపి, మన బట్టలను అనుకరించే పనికి పూనుకున్నాడు. ఆ బట్టలకు వారు పెట్టుకున్న పేరు 'ఇండియెన్', అనగా హిందూదేశపువి. అవి ఎంతగా ప్రబలినవంటే, తమ పట్టు, ఉన్ని నేతగాండ్ర గోల భరించలేక ఫ్రెంచి ప్రభుత్వం 1686లో అద్దకపు బట్టలను నిషేధించినది. ఆ నిషేధం 1759 దాకా తొలగలేదు. ఇంగ్లండులో కూడ ఇటువంటి శాసనాలే వచ్చినవి. ఇంతటి రాజ్యాలు చట్టం చేసి ఆపవలసి వచ్చిన గుడ్డ మన కృష్ణాతీరపు అద్దకపువారి చేతిపని అని తలచుకొన్నప్పుడు ఎవరికైనా మనస్సు ఉప్పొంగుతుంది.

కాని అదే 1759 ఏప్రిలులో బందరు కోటను ఫ్రెంచివారి నుండి ఆంగ్లేయ సేనాని కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడిచేసి పట్టుకున్నాడు. పాలనకు, వ్యాపారానికి కేంద్రం క్రమంగా చెన్నపట్నానికి తరలిపోయినది. ఇంగ్లండు మరల బట్ట వచ్చి పడిన తరువాత మన మగ్గానికి, మన అద్దకానికి కూడ గిరాకీ సన్నగిల్లినది.

వీటన్నిటికంటే లోతైన కారణం మరొకటి ఉన్నది. మార్సేయి రేవును రాతికొండలు చుట్టి కాపాడుతున్నవి. రోను నది తెచ్చే ఒండ్రును సముద్రపు ప్రవాహం ఆ ఊరికి ఎదురుదిక్కుగా, పడమటికి తోసుకొని పోతుంది. అందుచేత రెండువేల ఆరువందల ఏండ్లుగా అక్కడ ఓడ ఆగుతూనే ఉన్నది. బందరుకు అట్టి అదృష్టం లేదు. ఇది కృష్ణమ్మ ఒండ్రుతో పుట్టిన నేల. పంటకు ఆ ఒండ్రే ప్రాణం, రేవుకు ఆ ఒండ్రే శత్రువు. తీరం వెంట సముద్రం లోతు తక్కువ కావడంచేత పెద్ద ఓడలు మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి. సరుకును చిన్న పడవలలో మోసుకొని రావలసి వచ్చేది.

అన్నిటినీ మించిన దెబ్బ 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తగిలినది. తుఫానుతో పొంగిన సముద్రం కోటను, ఊరిని, పరిసర గ్రామాలను ముంచివేసినది. సుమారు 30 వేలమంది మరణించినారు. చీకటిలో నీరు ఎటునుండి వస్తున్నదో తెలియక, ఏ గట్టు ఎక్కాలో తోచక పోయినవారే ఎక్కువ. ఆ పిమ్మట సైనికదళాలు కోటను విడిచిపోయినవి. మార్సేయి కూడ సముద్రం చేతిలో దెబ్బ తినకపోలేదు. 1720లో తూర్పు మధ్యధరా తీరం నుండి బట్టల మూటలతో వచ్చిన ఒక ఓడ మహామారిని మోసుకొనివచ్చి, ఆ నగరంలో దాదాపు సగం జనాన్ని బలిగొన్నది. కాని ఆ రేవు తిరిగి కోలుకున్నది. బందరు రేవు కోలుకోలేదు.

రేవు కోలుకోకపోయినా, ఊరు కోలుకున్నది. నా దృష్టిలో బందరు చరిత్రలో మన్నింపదగిన ఘట్టం ఇది. ఓడలు రాని ఊరు బడులను, పత్రికలను, సంస్థలను కన్నది. రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల నోబుల్ కళాశాలగా ఎదిగినది. 1902లో కృష్ణాపత్రిక పుట్టినది. ముట్నూరి కృష్ణారావుగారు దానిని 1945లో కన్నుమూసేవరకు నడిపినారు. 1907లో బిపిన్‌చంద్రపాల్ ఉపన్యాసాలతో రగిలిన ఉత్సాహం ఆంధ్ర జాతీయ కళాశాలగా రూపు దాల్చినది. కోపల్లె హనుమంతరావుగారు తమ వకీలు వృత్తిని కాదనుకొని దానికి జీవితం ధారపోసినారు. జాతీయ పతాక రూపకల్పనతో పేరొందిన పింగళి వెంకయ్యగారు అక్కడ పాఠాలు చెప్పినారు. అడివి బాపిరాజుగారు ప్రధానాచార్యులుగా పనిచేసినారు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ ఊరిలోనే కన్ను తెరచి, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమయ్యేవరకు తెలుగువారి ఇంటి పేరువలె మెలగినది.

ఇక చూడదగిన స్థలాలు. ఊరికి, సముద్రానికి నడుమ బందరుకోట ఉన్నది. కోట గోడలు చాలవరకు పోయినవి కాని, ఆయుధాగారం మిగిలినది. డచ్చివారి సమాధులు పురావస్తుశాఖ రక్షణలో ఉన్నవి. వారి వంశచిహ్నాలు చెక్కిన ఆ బరువైన రాతిపలకల ముందు కొంతసేపు నిలిచి చూడండి. తన ఊరికి తిరిగిపోలేక ఈ మట్టిలో కలిసిన నావికుని తలచుకొంటే, వర్తకమంటే లాభనష్టాల లెక్క మాత్రమే కాదని తెలిసివస్తుంది. చిలకలపూడిలో భక్త నరసింహంగారు కట్టించిన పాండురంగ మందిరం ఉన్నది. అక్కడి బంగారుపూత నగలకు దేశమంతటా గిరాకీ. మంగినపూడి సముద్రతీరంలో తెల్లని ఇసుకకు బదులు నల్లని ఒండ్రు నేల కాళ్ళకు తగులుతుంది. కృష్ణ తెచ్చిన ఆ మట్టే ఈ ఊరి చరిత్రనంతటినీ కాళ్ళ క్రిందనే చెబుతున్నది. కార్తీకపౌర్ణమినాడు అక్కడ స్నానానికి వేలాది జనం చేరుతారు. తిరిగివచ్చేటప్పుడు బందరు లడ్డు కొనక తప్పదు.

మరువకుండా పెడన వెళ్ళండి. అచ్చులు చెక్కేవారు, అద్దేవారు నేటికీ అక్కడ ఉన్నారు. కలంకారీ పేరుతో బజారులో అమ్మే యంత్రపు అచ్చు బట్టకు, చేతి అద్దకానికి తేడా వారినే అడిగి తెలుసుకోండి. చేతిబట్టను తిప్పిచూస్తే రంగు లోనికి దిగి ఉంటుంది. అచ్చుకు అచ్చుకు నడుమ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా లోపం కాదు, ఒక మనిషి చేసిన పని అనడానికి గుర్తు. తెలియక చౌకబట్టకు మనమిచ్చే ప్రతి రూపాయి ఆ కుటుంబాలను పనికి దూరం చేస్తుంది. ఫ్రెంచి ప్రభుత్వపు నిషేధానికి లొంగని విద్య మన అజ్ఞానానికి లొంగిపోరాదు.

బందరులో మళ్ళీ రేవు కడుతున్నారు. 2008లో ఒకసారి, 2019లో మరొకసారి శంకుస్థాపనలు జరిగినవి. 2023 మేలో పనులు ఆరంభమైనవి. ఒండ్రును తవ్వి లోతు చేయగల యంత్రాలు తావెర్నియే కాలంలో లేవు; నేడు ఉన్నవి. తుఫాను రాకను కొన్నినాళ్ళు ముందుగా చెప్పగల శాస్త్రం 1864లో లేదు, నేడు ఉన్నది. అయితే తవ్విన కాలువను ఏటేటా ఒండ్రు పూడ్చుతూనే ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూచినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. తీరాన మడ అడవులను మిగిల్చి, చేపలు పట్టుకొని బ్రతికేవారికి చోటు మిగిల్చి కట్టిన రేవే నిలుస్తుంది.

ఊరిని నిలబెట్టేది ఓడలు కావనీ, ఓడలు పోయిన తరువాత కూడ అక్కడి మనుష్యులు చేతబట్టుకొని ఉన్న విద్య అనీ బందరు మనకు ఒకసారి నిరూపించి చూపినది. అద్దాల మేడలలో దేశాంతర వ్యాపారం చేస్తున్న మన పట్టణానికి కూడ ఆ పాఠం పనికివస్తుంది. వ్యాపారం గాలివంటిది, దిక్కు మారుతుంది. పిల్లలతో కలిసి ఒక్కసారి ఆ పాత వాకిలిని చూచి రండి.