గుడిని కదిలించారు, మరి ఊరిని?

 

ప్రతి ఏడాదీ మనం జీతాలు, ఇన్సూరెన్సు, వీసాల సంగతి మాట్లాడుకుంటాం. ఈసారి ఇంటి దగ్గర మనకున్న ఒక ఆస్తి గురించి మాట్లాడుకుందాం. అది ఏ ఒక్కరి పేరు మీదా లేదు, కానీ మనందరిదీ. ఊరి గుడి, దర్గా, పీర్ల చావడి, చర్చి, పెద్దల సమాధులు. సర్కారు ప్రాజెక్టు వచ్చినా, రోడ్డు వెడల్పు చేసినా వీటికి ముప్పే. మనం ఊళ్లో ఉండం కాబట్టి మనకు తెలిసేసరికి పని అయిపోయి ఉంటుంది.

పాలమూరు, కర్నూలు వాళ్లకు శ్రీశైలం ప్రాజెక్టు కథ కొత్త కాదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు నిలిస్తే కృష్ణా తుంగభద్రల ఒడ్డున ఉన్న ఊళ్లతో పాటు గుళ్లూ మునుగుతాయని తేలింది. రెండు నదులు కలిసే కూడవెల్లిలో బాదామి చాళుక్యుల కాలం నాటి సంగమేశ్వర ఆలయం ఉండేది. దాన్ని రాయి రాయి విప్పి, ఆలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే మార్చారు. రూపాల సంగమేశ్వరుడి గుడిని కర్నూలు పక్కన జగన్నాథ గట్టుకు చేర్చారు. ఆలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలను కదిలించలేదు. నీళ్లు రాకుండా నది వైపు ఎత్తయిన గోడ కట్టారు.

ఇదంతా దానంతట అదే జరగలేదు. ఆలంపురం పండితులు గడియారం రామకృష్ణ శర్మ గారి లాంటి వాళ్లు ఆ గుళ్ల శాసనాలు చదివి, చరిత్ర రాసి, అధికారుల వెంటపడ్డారు. వాటి విలువ ఇదీ అని కాగితం మీద చూపించారు. సర్కారుకు అర్థమయ్యే భాష అదే మరి.

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. ముంపులో పోయినవి సుమారు వంద గ్రామాలు. 1981 ఎండాకాలంలో ఇళ్లు కూలగొట్టి మరీ జనాన్ని ఖాళీ చేయించారు. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ జీవో వచ్చింది. ఆ ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ముసలివాళ్లైనవాళ్లు ఎందరో. గుడి రాళ్లను జాగ్రత్తగా పేర్చిన సర్కారు, ఆ గుడికి దండం పెట్టుకున్న మనుషులను అంత జాగ్రత్తగా చూసుకోలేదు. గుడి రాళ్లు కొత్త చోటికి వచ్చాయి సరే, నది పోయింది, జాతర పోయింది, జాతరకు వచ్చే ఊళ్లే చెదిరిపోయాయి.

సప్తనదుల సంగమేశ్వరం సంగతి చూడండి. వేప కర్ర శివలింగం ఉన్న ఆ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే. ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడుతుంది, పూజలు మొదలవుతాయి, భక్తులు వస్తారు. వానాకాలం మళ్లీ మునుగుతుంది. ఇన్నేళ్లైనా జనం ఆ చోటును వదల్లేదు.

అందుకే మా మాట ఒకటే. ప్రాజెక్టులు వద్దని మేం అనం. నీళ్లు లేకనే కదా మనలో చాలామంది ఇంత దూరం వచ్చింది! కానీ గుడినీ ఊరినీ కలిపి కాపాడాలి. దానికి ముందే మేలుకోవాలి.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే, దాని హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. 2010 నుంచి ఉన్న ఈ నియమం సర్కారు పనులకూ వర్తిస్తుంది.

ఊరి పోచమ్మ గుడికి, పీర్ల చావడికి ఆ రక్షణ ఉండదు. కాబట్టి లీవుకు వెళ్లినప్పుడు ఫోటోలు తీయండి. శాసనం రాయి ఉంటే దాన్నీ తీయండి. సర్వే నంబరు రాసుకోండి. ఎండోమెంటు రిజిస్టరులోనో, వక్ఫ్ రికార్డులోనో పేరుందో లేదో అడగండి. చెప్పకపోతే ఆర్టీఐ పెట్టండి. విదేశంలో ఉన్నా మనం భారత పౌరులమే, అడిగే హక్కు మనకుంది.

భూసేకరణ నోటిఫికేషన్ వస్తే, 2013 చట్టం ప్రకారం అభ్యంతరం చెప్పడానికి 60 రోజుల గడువు. అది పేపర్లో, పంచాయతీ ఆఫీసులో పెడతారు. షార్జాలో, మస్కట్‌లో ఉన్న మనకు ఎవరు చెప్పాలి? ఊరికొకరిని అడిగిపెట్టుకోండి. నోటీసు అంటించగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. మీ తరఫున సంతకం పెట్టాల్సి వస్తే, నమ్మకస్తులకు పవరాఫ్ అటార్నీ రాసి ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపండి.

ఇంకో మాట. గుడి అంటే ఒకరు, దర్గా అంటే ఇంకొకరు అని విడిపోవద్దు. మన క్యాంపుల్లో ఒకే గదిలో పడుకుని, ఒకే గిన్నెలో వండుకుంటున్నాం. ఊరి విషయంలోనూ అలాగే ఉందాం. నీళ్లు వస్తే అందరివీ మునుగుతాయి.

ఈ పుస్తకం చదివినవాళ్లు ఈ వారమే ఇంటికి ఫోన్ చేసి, ఊళ్లో ఏ పాత కట్టడం ఉంది, దానికి కాగితం ఉందా అని ఒక్కసారి అడగండి. వచ్చే ఏడాది సభకు మీ ఊరి వివరాలు పట్టుకుని రండి. అందరివీ కలిపి జాగ్రత్త చేద్దాం.