కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు

(వేసవి సెలవుల్లో ఖతార్ వచ్చిన ఒక ప్రభుత్వ పాఠశాల తెలుగు ఉపాధ్యాయుడు, దోహాలోని తెలుగు తరగతి విద్యార్థులతో జూన్ మొదటి వారంలో చేసిన ప్రసంగ పాఠం ఇది.)



ఈ రోజు మీకు సంధులు చెప్పాలని అనుకొన్నాను. సంధులు ఎక్కడికీ పోవు. వచ్చే వారం చెప్పుకొందాం. అంతకంటె ముందు మాట్లాడుకోవలసిన సంగతి ఒకటి వచ్చింది.

గత శుక్రవారం తరగతి అయిపోయాక మీలో కొందరు పక్కనున్న పార్కులో బంతి ఆడారు. నేను కిటికీలోంచి చూసి సంతోషించాను. తెలుగు పిల్లలు తెలుగులో అరుచుకొంటూ ఆడుతుంటే ఏ తెలుగు మాస్టారికి మాత్రం సంతోషం కలగదు? కాని చీకటి పడేసరికి గడ్డికి నీళ్ళు చిమ్మే గొట్టాల తలలు రెండు విరిగిపోయాయి. గోలు వల ఒక మూల చిరిగిపోయింది. ఎవరు చేశారో నేను అడగను. ఒకరి పేరు ఒకరు చెప్పవద్దు కూడా. జరిగింది మాత్రం వినండి.

మర్నాడు తెల్లవారుజామున నడకకు వెళ్ళాను. ఆ గడ్డి మీద ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని విరిగిన గొట్టం విప్పుతున్నాడు. పక్కన ఫోనులో తెలుగు పాట వినబడుతున్నది. పలకరించాను.

"నమస్తే అన్నా! మీది ఏ ఊరు?"

"జగిత్యాల దిక్కు సారు. ఈడికొచ్చి పదకొండేండ్లైంది."

"ఏమయింది దీనికి?"

"రాత్రి ఇరగ్గొట్టిన్రు సారు. నీళ్ళన్ని ఒక్క కాడ్నే నిలిచినయ్. అవుతలి దిక్కు గడ్డికి సుక్క అందలె. ఇయ్యాల ఎండకు ఆడ మొత్తం ఎండిపోతది."

నాకు తలవంపుగా తోచింది. ఆ పిల్లలు మా తరగతివాళ్ళేనని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. "పోరలు ఆడుకోవాలె సారు. ఆడుకోనీకే గద మేం గడ్డి పెంచేది" అన్నాడు. కాసేపు ఆగి ఇంకో మాట అన్నాడు. "గని, పోయేటప్పుడు ఒక పోరడు తెలుగుల అన్నడు సారు, 'బాగుచేయడానికి మనుషులున్నార్లేరా' అని. నాకు తెలుగు రాదనుకున్నడు గావచ్చు."

పిల్లలూ! నేను ఈ రోజు మాట్లాడదలచుకొన్నది విరిగిన గొట్టం గురించి కాదు. అది కొత్తది వస్తుంది. ఆ ఒక్క మాట గురించే మాట్లాడదలచుకొన్నాను. "బాగుచేయడానికి మనుషులున్నార్లే." ఉన్నారు, నిజమే. వాళ్ళు ఏం చేస్తారో మనకు తెలుసునా?

మన ఊళ్ళలో గడ్డి దానంతట అదే మొలుస్తుంది. తొలకరి పడితే చాలు, వద్దన్నా వస్తుంది. ఖతార్‌లో అలా కాదు. ఈ దేశంలో నది లేదు. ఏడాదికి కురిసే వాన సుమారు 75 మిల్లీమీటర్లు. మన వైపు ఒక్క పెద్ద వానకే అంత కురుస్తుంది. ఇక్కడ మనం తాగే నీరు దాదాపు అంతా సముద్రపు నీటిలోని ఉప్పు తీసివేయగా వచ్చినదే. పార్కులలోని పచ్చికకు ఎక్కువగా, మనం వాడి వదిలిన నీటిని శుద్ధి చేసి పెడతారు. అంటే ఇక్కడ ఒక్క గడ్డిపరక కూడా మనిషి చెయ్యి లేకుండా బతకదు.

2022లో ఇక్కడ ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. మీలో పెద్దవాళ్ళకు బాగా జ్ఞాపకం ఉంటుంది. ఎనిమిది స్టేడియాలలో ఆడారు. డిసెంబరు 18న లుసైల్ స్టేడియంలో అర్జెంటీనా, ఫ్రాన్సు ఆడిన ఫైనల్‌ను దాదాపు 89 వేలమంది చూశారు. మెస్సీ కప్పు ఎత్తిపట్టుకొన్న ఫోటో మీ ఇళ్ళలో ఉండే ఉంటుంది. ఆ ఫోటోలో ఆయన కాళ్ళ కింద ఉన్న పచ్చిక సంగతి ఎవరైనా ఆలోచించారా? ఉప్పును, వేడిని తట్టుకొనే పాస్పాలం అనే జాతి గడ్డిని దాని కోసం పెంచారు. ఒక్కొక్క మైదానానికి చలికాలంలో రోజుకు 10,000 లీటర్లు, వేసవిలో 50,000 లీటర్లు ఉప్పు తీసిన నీరు పట్టవలసి వచ్చేదని అప్పుడు లెక్క చెప్పారు. యాభైవేల లీటర్లంటే ఎంత? మన ఇంటి బిందెకు 15 లీటర్లు పడతాయనుకొంటే, మూడువేల మూడువందల బిందెలకు పైమాట! ఒక్క మైదానానికి, ఒక్క రోజుకు.

నీరు పట్టడంతో పని అయిపోదు. గడ్డి కోయాలి. తెగులు చూడాలి. గీతలు గీయాలి. ఆటగాళ్ళ బూట్లకు పెళ్ళలు లేచిన చోట మళ్ళీ పూడ్చాలి. ఇక్కడి ఎండ మీకు తెలియనిది కాదు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పనిచేయించగూడదని ఇక్కడ 2021 నుంచి నిబంధన ఉంది. కాబట్టి ఆ పని తెల్లవారకముందే మొదలవుతుంది. మనం లేచేసరికి గడ్డి తడిసి ఉంటుంది. తడిపినవాడు మనకు కనబడడు. ఎంత బాగా పనిచేస్తే అంతగా కనబడకుండా పోయేవాడు మైదానం పనివాడు. అందుకే మనం అతణ్ణి మరచిపోతాం.

పెద్దలు ఒక సామెత చెబుతారు: "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు." గుదియ అంటే దుడ్డుకర్ర. కుమ్మరి ఏడాది కష్టపడి చేసిన కుండలను దుడ్డుకర్ర ఒక్క దెబ్బతో పగులగొడుతుంది. కర్రకు పనితనం అక్కరలేదు. దాన్ని చేతబట్టినవాడికీ అక్కరలేదు.

ఇది మీకు మాత్రమే చెబుతున్నాననుకోకండి. మీ మాస్టారు కూడా ఒకప్పుడు ఆ కర్ర పట్టినవాడే.

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మండల స్థాయి ఆటల పోటీలు పెట్టారు. మా బడి బంట్రోతును మేమంతా తాతా అని పిలిచేవాళ్ళం. ఆయన వారం రోజులపాటు కబడ్డీ కోర్టు తయారుచేశాడు. రాళ్ళు ఏరాడు. చెరువు మట్టి తెచ్చి పరిచి, జల్లెడ పట్టిన ఇసుక కలిపాడు. నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేశాడు. ఆరేవరకు ఎవరూ తొక్కవద్దని చుట్టూ తాడు కట్టాడు. పోటీల ముందురోజు సాయంత్రం నేనూ, నా స్నేహితులిద్దరూ ఆ తాడు కింద నుంచి దూరి, తడిమట్టి మీద సైకిళ్ళు తొక్కాం. చక్రాల గాళ్ళు పడుతుంటే మాకు నవ్వు ఆగలేదు. కోపం లేదు, కక్ష లేదు. ఊరికే చేశాం. "రేపు తాత సరిచేస్తాడులే" అని నేనే అన్నాను. ఇప్పుడు అర్థమయిందా, గత శుక్రవారం మాట విని నాకెందుకు తలవంపుగా తోచిందో?

ఆ రాత్రి మా నాన్నతో కలిసి బడి ముందునుంచి వెళుతుంటే మైదానంలో లాంతరు వెలుగు కనబడింది. తాత ఒక్కడే రోలరు లాగుతున్నాడు. ఇద్దరు లాగవలసిన రోలరు అది. నాన్న ఆగి "ఇంత రాత్రివేళ ఏమిటి?" అని అడిగాడు. తాత నా వైపు చూశాడు. ఆయనకు తెలుసు. "ఏవో గొడ్లు తొక్కాయి బాబూ" అన్నాడు. నన్ను పట్టియ్యలేదు. నాన్న వెళ్ళి రోలరుకు ఓ చెయ్యి వేశాడు. నేను లాంతరు పట్టుకొని నిలబడ్డాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు మా బడి కబడ్డీలో గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. ఆ తాతకు క్షమాపణ చెప్పకుండానే బడి విడిచాను. ఆ బాకీ ఇంకా నా మీద ఉంది.

కొందరు ఊరికే పాడుచేస్తారు. కొందరు కోపంతో చేస్తారు. తమ కోపం న్యాయమైనదంటారు. కావచ్చు. 1975 ఆగస్టులో ఇంగ్లండులోని హెడింగ్లీ మైదానంలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా టెస్టు ఆడుతున్నాయి. చివరి రోజున ఆస్ట్రేలియా గెలవడానికి ఇంకా 225 పరుగులు కావాలి. ఏడు వికెట్లు ఉన్నాయి. తెల్లవారి చూస్తే పిచ్ తవ్వి ఉంది, దాని మీద నూనె పోసి ఉంది. జైలులో ఉన్న ఒక మనిషి నిర్దోషి అని చాటడానికి అతని మద్దతుదారులు ఆ పని చేశారు. ఆట ఆగిపోయింది. అతని శిక్ష 2011లో న్యాయస్థానంలో రద్దయింది. అంటే వాళ్ళ వాదనలో బలం ఉండవచ్చు. కాని పిచ్ చేసిన నేరం ఏమిటి? దాన్ని నెలల తరబడి పెంచినవాడు చేసిన నేరం ఏమిటి?

మొన్న 2025 డిసెంబరు 13న కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియానికి మెస్సీ వచ్చాడు. ఎంతో డబ్బు పెట్టి టిక్కెట్లు కొన్నవాళ్ళకు ఆయన సరిగా కనబడనే లేదు. కోపం వచ్చింది. రావలసిందే. కాని ఆ కోపంతో కుర్చీలు పీకి మైదానంలోకి విసిరారు. అదే సాయంత్రం హైదరాబాదు ఉప్పల్ స్టేడియంలో కార్యక్రమం ప్రశాంతంగా ముగిసింది. కోపం తెప్పించినవాళ్ళు వేరు. మర్నాడు వంగి ఆ కుర్చీల ముక్కలు ఏరినవాళ్ళు వేరు.

ఇలాగే 1999 జనవరిలో ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా మైదానంలో, పాకిస్థాన్ జట్టు రాకూడదని కొందరు రాత్రివేళ పిచ్ తవ్వేశారు. అక్కడ మొదటి టెస్టు జరగవలసింది. దాన్ని మద్రాసుకు మార్చారు. మైదానం పనివాళ్ళు పిచ్‌ను మళ్ళీ బాగుచేశారు. ఫిబ్రవరిలో రెండో టెస్టు అక్కడే జరిగింది. ఆ పిచ్ మీదనే అనిల్ కుంబ్లే ఒకే ఇన్నింగ్సులో పదికి పది వికెట్లు తీశాడు. కుంబ్లే పేరు అందరికీ తెలుసు. ఆ పిచ్ బాగుచేసినవాళ్ళ పేరు ఒక్కటైనా మనలో ఎవరికి తెలుసు?

తెలుసుకొన్నవాళ్ళూ ఉన్నారు. మన హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్ 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. శ్రీలంక 50 పరుగులకే ముగిసింది. ఆ టోర్నమెంటులో వానలు విడవకుండా కురిశాయి. పనివాళ్ళు పరుగెత్తుకొంటూ పట్టాలు కప్పేవారు, తీసేవారు. సిరాజ్ తనకు వచ్చిన ఐదువేల డాలర్ల బహుమతిని వాళ్ళకే ఇచ్చివేశాడు. వాళ్ళు లేకుంటే ఈ టోర్నమెంటే లేదన్నాడు. మరుసటి ఏడు ఐపీఎల్ ముగిశాక భారత క్రికెట్ బోర్డు కూడా మైదానాల సిబ్బందికి బహుమతి ప్రకటించింది. ఉప్పల్ వంటి పది మైదానాలకు 25 లక్షల చొప్పున, విశాఖపట్నం వంటి మూడు మైదానాలకు 10 లక్షల చొప్పున ఇస్తామన్నది.

మనకు అంత డబ్బు లేదనవద్దు. డబ్బు లేకుండా చేసినవాళ్ళను మీ ఖతారే చూసింది. 2022 నవంబరు 20న అల్ ఖోర్‌లోని అల్ బైత్ స్టేడియంలో ఖతార్, ఈక్వడార్ ఆడాయి. ఆట అయిపోయాక కొందరు జపాన్ ప్రేక్షకులు సంచులు తీసుకొని వరుసలన్నీ తిరిగి చెత్త ఏరారు. అది వాళ్ళ జట్టు ఆడిన ఆట కూడా కాదు సుమా! మూడు రోజుల తరువాత ఖలీఫా స్టేడియంలో జపాన్ జట్టు జర్మనీని ఓడించింది. గెలిచిన సంబరంలో కూడా ఆటగాళ్ళు తమ గదిని శుభ్రంగా సర్ది, కాగితపు కొంగలు పెట్టి, అరబ్బీలోనూ జపాన్ భాషలోనూ కృతజ్ఞతలు రాసి వెళ్ళారు. జపాన్ బడుల్లో పిల్లలు తమ తరగతి గదిని తామే ఊడుస్తారు. ఊడ్చిన చేతికి ఊడ్పు విలువ తెలుస్తుంది.

పిల్లలూ! నేను మిమ్మల్ని ఆడవద్దని చెప్పడం లేదు. బాగా ఆడండి. గడ్డి మీద పడి దొర్లండి. ఆటలో పెళ్ళ లేస్తే దాన్ని తిరిగి పెట్టి పాదంతో అదమండి. తడిగా ఉన్నచోట ఆడకండి. వలకు వేలాడకండి. నీళ్ళ సీసాలు మీ సంచుల్లోనే తెచ్చుకోండి. పొరపాటున ఏదైనా విరిగితే అక్కడి పనివారితో వెంటనే చెప్పండి. చెప్పిన తప్పు సగం తీరిపోతుంది. చెప్పని తప్పు నాలాగ ముప్పై ఏళ్ళు మోయవలసి వస్తుంది.

విరిగిన వాటి ఖరీదు ఇచ్చుకొంటామని మీ పెద్దలు ఒప్పుకొన్నారు. అది డబ్బు బాకీ. రెండో బాకీ మీరే తీర్చాలి. వచ్చే శుక్రవారం మనమందరం ఆ పార్కుకు వెళదాం. ఆయన దగ్గరికి వెళ్ళి "బాబాయ్, తప్పయింది" అని చెప్పండి. ఆయనకు తెలుగు వచ్చు. మీ మాట ఆయనకు మొన్నా అర్థమయింది, రేపూ అర్థమవుతుంది. ఆయన పేరు నాకు తెలుసు. కాని మీకు చెప్పను. మీరే అడిగి తెలుసుకోండి.

ఇక సెలవు.

ఆలోచించి చెప్పండి

1. "బాగుచేయడానికి మనుషులున్నార్లే" అన్న మాటలో తప్పేమిటి?
2. తాత "గొడ్లు తొక్కాయి" అని ఎందుకన్నాడు? ఆ మాట విన్న బాలుడి స్థితి ఎలా ఉండి ఉంటుంది?
3. కోపం న్యాయమైనదే అయినా మైదానాన్ని పాడుచేయడం ఎందుకు తగదు? పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
4. మీరు ఆడుకొనే స్థలాన్ని చూసుకొనే వారితో మాట్లాడి, వారి దినచర్యను పది వాక్యాలలో రాయండి.