ఆదుకునే నౌక ఎవరిది?

రత్నగిరి కొండ కింద, ఈ చుట్టుపక్కల హైస్కూళ్లలో ఒక తరానికి భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారి పేరు మీద జరుగుతున్న ఉపన్యాసం ఇది. నేను ఎంచుకున్న విషయం అంతరిక్షంలో ఆపద. పైన చిక్కుకుపోయిన మనిషిని తీసుకురావడానికి ఎవరు వెళ్లాలి? ప్రైవేటు కంపెనీలు టికెట్లు అమ్మి జనాన్ని కక్ష్యలోకి తీసుకెళుతున్న ఈ రోజుల్లో ఆ ఏర్పాటు ఎవరు చేయాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

మన గోదావరి దగ్గరే మొదలుపెడతాను. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. పాపికొండలు చూడటానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం దాటాక కచ్చులూరు దగ్గర బోల్తాపడింది. గోదావరి వరద మీదుంది. బోటులో 77 మంది ఉన్నారు. 26 మంది బతికారు. నీళ్లలో కొట్టుకుపోతున్న వాళ్లను ముందుగా అందుకున్నది ఒడ్డున ఉన్న పల్లెల వాళ్లు, తమ సొంత పడవల మీద వెళ్లి. ఇంత ఇస్తామని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ఆ తర్వాత మునిగిన బోటును పైకి తీసే పనికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి కాంట్రాక్టు ఇచ్చారు. లంగర్లు వేసి, ఇనుప తాళ్లు బిగించి, తెగితే మళ్లీ వేసి, వరద తగ్గేదాకా ఆగి, చివరికి అక్టోబర్ 22న, ప్రమాదం జరిగిన 38వ రోజున బోటును ఒడ్డుకు లాగారు. ఆ బృందం పట్టుదల మనందరం చూశాం, మెచ్చుకున్నాం.

ప్రాణాలు కాపాడిన వాళ్లు డబ్బు మాటే ఎత్తలేదు. బోటు తీసిన వాళ్లకు కాంట్రాక్టు ఉంది. సముద్ర చట్టం కూడా అచ్చంగా ఇలాగే నడుస్తుంది. ఓడను, సరుకును కాపాడిన వాళ్లకు వాటి విలువలోంచి ప్రతిఫలం దక్కుతుంది. 1989 నాటి అంతర్జాతీయ సాల్వేజ్ ఒడంబడిక ప్రకారం ప్రాణం దక్కిన మనిషి మాత్రం తనను కాపాడిన వాళ్లకు పైసా ఇవ్వనక్కర్లేదు. ప్రాణం కాపాడిన వాళ్లకు వాటా రావాలంటే అది ఓడ, సరుకుల మీద వచ్చిన ప్రతిఫలంలోంచి రావాలి. ఉప్పాడ తీరంలో వేటకెళ్లే మన మత్స్యకారులకు ఇది ఎవరూ నేర్పలేదు. పక్క బోటు ఆపదలో ఉందంటే వల వదిలేసి వెళతారు.

అంతరిక్షానికీ ఒక ఒప్పందం ఉంది. వ్యోమగాములను రక్షించి వెనక్కి అప్పగించే ఒప్పందాన్ని 1968 ఏప్రిల్ 22న సంతకాలకు పెట్టారు, అదే ఏడు డిసెంబర్ 3న అమల్లోకి వచ్చింది. మన దేశం 1979లో చేరింది. వ్యోమగామి దారి తప్పి పరాయి దేశంలో దిగినా, నడిసముద్రంలో పడినా కాపాడి క్షేమంగా పంపాలన్నది దాని సారాంశం. అందులో ఖర్చుల సంగతి చూడండి. నేలపడ్డ వ్యోమనౌకను, దాని ముక్కలను వెతికి అప్పగించడానికి అయిన ఖర్చు ప్రయోగించిన వాళ్లే పెట్టుకోవాలని స్పష్టంగా రాశారు. మనిషిని కాపాడిన ఖర్చు గురించి ఒక్క ముక్క లేదు. కక్ష్యలో తిరుగుతూ చిక్కుకున్న వాడి దగ్గరికి ఇంకో నౌకను పంపి తీరాలన్న మాటా లేదు. టికెట్టు కొనుక్కున్న యాత్రికుడికి ఈ ఒప్పందం వర్తిస్తుందా అని న్యాయనిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు ఇందులో సందేహం లేదు. మనిషై ఉంటే చాలు, వర్తించాలి.

1979 అనగానే ఈ సభలో పెద్దవాళ్లకు అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ గుర్తొస్తుంది. ఆ జులైలో అది మన నెత్తినే పడుతుందని ఊళ్లకు ఊళ్లు వణికిపోయాయి. ఇంట్లో ఉన్న కోడినీ మేకనూ కోసుకు తిన్న వాళ్లున్నారు. మాస్టారు బోర్డు మీద భూమిని గీసి, చుట్టూ కక్ష్య గీసి, అందులో సముద్రం ఎంతో, నేల ఎంతో, మన తాలూకా ఎంతో లెక్కగట్టించి మా భయం పోగొట్టారు. అది జులై 11న హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది.

అదే స్కైలాబ్‌కు 1973లో ఒక రక్షణ నౌక సిద్ధమైన సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ ఏడు జులై 28న వెళ్లిన ముగ్గురి అపోలో నౌకలో నాలుగు థ్రస్టర్ల గుంపుల్లో రెండు లీకయ్యాయి. వెంటనే ఇంకో అపోలోలో ముగ్గురికి బదులు ఐదుగురు పట్టేలా సీట్లు అమర్చే ఏర్పాటు చేశారు. పైకి ఇద్దరు వెళతారు, కిందికి ఐదుగురు వస్తారు. వాన్స్ బ్రాండ్, డాన్ లిండ్ ఆ యాత్రకు సాధన చేశారు. రాకెట్టును వేదిక మీదికి చేర్చారు. చివరికి ఆ అవసరం రాలేదు, వెళ్లిన ముగ్గురూ తమ నౌకలోనే తిరిగొచ్చారు. వాడని నౌక మీద పెట్టిన ఆ ఖర్చును వృథా అనగలమా?

ఇప్పుడు ఈ మధ్య జరిగిన దానికి వస్తాను. 2024 జూన్ 5న బుచ్ విల్మోర్, సునీతా విలియమ్స్ బోయింగ్ వారి స్టార్‌లైనర్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరారు. ఎనిమిది రోజుల ప్రయాణం అనుకున్నారు. హీలియం లీకైంది, థ్రస్టర్లు మొరాయించాయి. వారాల తరబడి పరీక్షించి, ఆ నౌకలో మనుషులను కిందికి దించడం క్షేమం కాదని ఆగస్టు 24న నాసా తేల్చింది. స్టార్‌లైనర్ ఖాళీగా తిరిగొచ్చింది. సెప్టెంబర్ 28న వెళ్లిన స్పేస్‌ఎక్స్ డ్రాగన్‌లో నలుగురికి బదులు ఇద్దరినే పంపి, రెండు సీట్లు వీళ్ల కోసం ఖాళీగా ఉంచారు. 2025 మార్చి 18న, 286 రోజుల తర్వాత వాళ్లు సముద్రంలో దిగారు. ఒక కంపెనీ నౌక చెడిపోతే పోటీ కంపెనీ నౌక తీసుకొచ్చిన సందర్భం ఇది. రక్షణ యాత్ర అన్న పేరు పెట్టలేదు గానీ జరిగింది అదే.

ఇందులో ఒక చిన్న సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఖాళీ సీట్లున్న నౌక వచ్చేలోగా కేంద్రంలో మంటలో, గాలి లీకో వస్తే ఆ ఇద్దరూ ఎలా బయటపడాలి? అప్పటికే అక్కడున్న ఇంకో డ్రాగన్‌లో నాలుగు సీట్లూ నిండి ఉన్నాయి. అందుకని సీట్ల కింద సామాన్లు పెట్టే చోట ఫోమ్ పరిచి, పట్టీలు కట్టి, అక్కడ పడుకుని వచ్చేలా ఏర్పాటు చేశారు. స్పేస్‌సూట్ సంగతి ఇంకా కష్టం. బోయింగ్ నౌకకు కుట్టిన సూట్ గొట్టాలు డ్రాగన్‌కు అతకవు. ఒకే ప్రభుత్వ సంస్థ డబ్బుతో ఒకే కేంద్రానికి వెళ్లడానికి తయారైన రెండు నౌకలు అవి. అయినా ఒకదాని సూట్ ఇంకోదానికి పనికిరాలేదు.

మరి ఈ రక్షణ ఎలా సాధ్యమైంది? 2014 సెప్టెంబర్‌లో నాసా ఇద్దరికి కాంట్రాక్టు ఇవ్వడం వల్ల. బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్లు. ఒకరు చాలు, ఇద్దరెందుకని అమెరికా చట్టసభలో గట్టిగా అడిగారు. ఆ ప్రశ్నకు పదేళ్ల తర్వాత కక్ష్యలో జవాబు దొరికింది.

రష్యా సోయుజ్‌కూ ఇలాంటిదే జరిగింది. 2022 డిసెంబర్‌లో కేంద్రానికి అతికి ఉన్న ఎంఎస్-22 నౌకలో శీతలీకరణ ద్రవం కారిపోయింది. మనుషులు లేకుండా ఇంకో సోయుజ్‌ను 2023 ఫిబ్రవరి 24న పంపారు. అది వచ్చేదాకా, ఎంఎస్-22లో వెళ్లిన అమెరికన్ వ్యోమగామి ఫ్రాంక్ రూబియో శరీర కొలతకు పోసిన సీటు లోపలి అచ్చును విప్పి, ఒక డ్రాగన్ నౌకలో పెట్టారు. 2025 నవంబర్‌లో చైనా వారి షెన్‌ఝౌ-20 కిటికీకి సన్నటి పగుళ్లు వస్తే దాని సిబ్బంది షెన్‌ఝౌ-21లో దిగారు, పైన మిగిలిన వాళ్ల కోసం షెన్‌ఝౌ-22ను ఖాళీగా పంపారు.

వీళ్లందరికీ తల దాచుకోవడానికి ఒక అంతరిక్ష కేంద్రం ఉంది. గాలి ఉంది, తిండి ఉంది, నెలల తరబడి ఆగగలిగారు. ఏ కేంద్రానికీ వెళ్లకుండా సొంతంగా తిరిగొచ్చే యాత్రలకు ఆ వసతి ఉండదు. 2021 సెప్టెంబర్‌లో నలుగురు ప్రైవేటు యాత్రికులు మూడు రోజులు కక్ష్యలో తిరిగిన ఇన్‌స్పిరేషన్-4నే తీసుకోండి. డ్రాగన్ నౌక ముక్కు దగ్గర, ఇంకో నౌకకు అతుక్కునే డాకింగ్ పరికరం ఉండాల్సిన చోట దాన్ని తీసేసి, భూమిని చూడటానికి గాజు గుమ్మటం పెట్టారు. 2024 సెప్టెంబర్‌లో పొలారిస్ డాన్ యాత్రలో అదే చోట అంతరిక్షంలోకి బయటికి వచ్చే ద్వారం అమర్చారు. అందరూ క్షేమంగా వచ్చారు, సంతోషం. కానీ ఆ రోజుల్లో స్టార్‌లైనర్‌కు వచ్చిన ఇబ్బందే వాళ్లకు వచ్చి ఉంటే, ఇంకో నౌక వెళ్లినా అతుక్కోవడానికి చోటు లేదు.

ఒక్కోసారి కేంద్రానికి వెళ్లి తల దాచుకుందామన్నా దారి వేరుగా ఉంటుంది. 2003 జనవరి 16న ఎగిరిన కొలంబియా షటిల్ కక్ష్య 39 డిగ్రీల వాలులో ఉంది, అంతర్జాతీయ కేంద్రం 51.6 డిగ్రీల వాలులో. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే ఇంధనం కొలంబియాలో లేదు. పైకెళ్లేటప్పుడే ఊడిన ఫోమ్ ముక్క తగిలి ఎడమ రెక్క దెబ్బతింది. తర్వాత విచారణ సంఘం లెక్కవేసి చూసింది. దెబ్బ సంగతి మొదట్లోనే తెలిసి ఉంటే పొదుపు చేసుకుని ఫిబ్రవరి 15 దాకా పైన బతకగలిగేవారు. ఇంకో షటిల్ అట్లాంటిస్‌ను రాత్రింబవళ్లు సిద్ధం చేస్తే ఫిబ్రవరి 10కి ఎగిరేది. ఐదు రోజుల వ్యవధి. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ ఫిబ్రవరి 1న చనిపోయారు. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. అట్లాంటిస్ అప్పటికే వేరే యాత్ర కోసం తయారవుతూ ఉండటం కేవలం అదృష్టం. ఆ తర్వాత నాసా నేర్చుకుంది. 2009 మేలో హబుల్ టెలిస్కోపు మరమ్మతుకు షటిల్ వెళ్లినప్పుడు ఇంకో షటిల్ ఎండీవర్‌ను రక్షణ కోసం వేదిక మీద నిలబెట్టింది.

మన తెలుగువాళ్లూ ఈ ప్రైవేటు నౌకలెక్కారు. తెనాలి మూలాలున్న బండ్ల శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్‌లో వెళ్లారు. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో వెళ్లినప్పుడు దిగే వేళకు మూడు ప్యారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. రెండు ఉన్నా చాలేలా కట్టారు కాబట్టి అందరూ క్షేమంగా దిగారు. పది నిమిషాల్లో ముగిసే ఇలాంటి యాత్రలో ఎవరూ వచ్చి కాపాడే వీలుండదు, నౌకలో ముందే పెట్టిన జాగ్రత్తే కాపాడాలి. అయితే ప్రయాణికుల భద్రతకు నియమాలు పెట్టే అధికారం అమెరికా విమానయాన సంస్థకు ఇంకా లేదు. పరిశ్రమ ఎదగనీ అని 2004లో పెట్టిన ఆ నిషేధాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ 2028 జనవరి 1 దాకా తెచ్చారు. ప్రయాణికుడికి ప్రమాదాలు వివరించి సంతకం తీసుకుంటే చాలు.

ఈ కొండ మీద రోజూ వినిపించే వ్రతకథలో ఒక వర్తకుడున్నాడు. నీ ఓడలో ఏముందని అడిగితే ఉన్నది దాచి, ఆకులూ అలములూ అన్నాడు. ఓడ నడిపే వర్తకుణ్ణి ఆ కథ అడిగిన ప్రశ్న అది. ఈ రోజు కంపెనీని మనమూ అదే అడగాలి. ఎన్నిరోజులకు సరిపడా గాలి ఉంది, నౌకకు డాకింగ్ ద్వారం ఉందా, లేకపోతే ఎందుకు తీసేశావు? నిజం చెప్పించే చట్టం కావాలి.

ప్రైవేటు రక్షణ సేవ వద్దని నేను అనడం లేదు, కావాలంటున్నాను. ఏడాదికి ఎన్నో రాకెట్లు ఎగరేస్తున్న కంపెనీల దగ్గర తయారుగా ఉన్న నౌకను ముందుకు జరిపి పంపే శక్తి ఉంది. ప్రభుత్వాలకు అంత వేగం లేదు. నా అభ్యంతరమల్లా బేరం ఎప్పుడు కుదురుతుందన్న దగ్గరే. కచ్చులూరులో బోటు తీయడానికి కాంట్రాక్టు ప్రమాదం తర్వాత రాసుకోవచ్చు, ఇనుము ఎదురుచూస్తుంది. గాలి అయిపోతున్న మనిషి ఎదురుచూడలేడు, బేరమాడలేడు. కాబట్టి రక్షణ నౌకకు రుసుం ముందే కట్టాలి, ఎగిరే ప్రతి కంపెనీ కట్టాలి. డాకింగ్ ద్వారాలూ, సూట్ గొట్టాలూ అందరివీ ఒకే కొలతలో ఉండాలి. కొలతలు కలపడానికి రాకెట్టంత ఖర్చు కాదు, కంపెనీలు ఒప్పుకుంటే చాలు. ఒప్పుకోకపోతే ప్రభుత్వాలు ఒప్పించాలి.

మన దేశం ఇందులో వెనకబడి లేదు. 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో మన మానవసహిత యాత్ర గగన్‌యాన్ కోసం, ఆపదలో సిబ్బందిని తప్పించే వ్యవస్థను పరీక్షించారు. ఎగరడానికి ఐదు సెకన్ల ముందు కంప్యూటర్ ఆపేసింది. లోపం సరిచేసి అదే ఉదయం పది గంటలకు ఎగరేశారు. సిబ్బంది కూర్చునే గదిని రాకెట్టు నుంచి విడదీసి, ప్యారాచూట్లతో తీరానికి పది కిలోమీటర్ల దూరంలో సముద్రంలో దించారు. నౌకాదళం దాన్ని వెతికి పట్టుకొచ్చింది. 2024 డిసెంబర్ 6న విశాఖ తీరంలో ఆ గదిని ఓడ లోపలికి తీసుకునే సాధన చేశారు. 2025 జనవరి 16న స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ కక్ష్యలో అతుక్కున్నాయి, ఆ పని చేసిన నాలుగో దేశం మనది. ఆ అతుక్కునే పరికరాన్ని అంతర్జాతీయ ప్రమాణానికి దగ్గరగా రూపొందించారు. ఇది నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన వార్త. ఒకరోజు మనవాళ్ల దగ్గరికి ఇంకొకరి నౌక వెళ్లవచ్చు, ఇంకొకరి దగ్గరికి మనది వెళ్లవచ్చు.

గగన్‌యాన్ మొదటి యాత్ర మాత్రం ఏ కేంద్రానికీ వెళ్లదు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగి, తనంతట తనే దిగాలి. 2035కు మన సొంత కేంద్రం పూర్తి కావాలని లక్ష్యం. ఈలోగా ప్రైవేటు కంపెనీలు మనుషులను తీసుకెళ్లే రోజు ఇక్కడా వస్తుంది. 2023 అంతరిక్ష విధానం ప్రకారం వాళ్లకు అనుమతి ఇచ్చేది ఇన్‌స్పేస్ అనే ప్రభుత్వ సంస్థ. ఆ అనుమతి దరఖాస్తులో ఒక గడి చేర్చమని ఈ సభ నుంచి అడుగుదాం. మీ నౌక పైన చెడిపోతే వచ్చే నౌక ఏది, ఎన్ని రోజుల్లో వస్తుంది, దానికి డబ్బు కట్టిన రసీదు ఎక్కడ? ఆ డబ్బు టికెట్టు ధరలోనే కలిసి ఉండాలి. పైనుంచి ప్రాణాలతో దిగివచ్చిన వాడి ఇంటికి బిల్లు పంపకూడదు.