స్నూకర్ టేబుల్ కింద ఎవరి నేల ఉంది? పబ్ ఆటలు, ఆదివాసుల సొంతూళ్ళ మీద ఐదు ప్రశ్నల క్విజ్

ఈ రోజు మన ఎపిసోడ్ క్విజ్. ప్రశ్నలు ఐదే ఐదు. టాపిక్ మాత్రం కొంచెం వింతగా ఉంటుంది. పబ్బుల్లో, క్లబ్బుల్లో తీరిగ్గా ఆడుకునే ఆటలు ఒకవైపు, ఆదివాసుల సొంత నేలలు ఇంకోవైపు. ఈ రెండింటికీ ఏం సంబంధం అంటారా? చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. రూల్ ఒక్కటే: ప్రశ్న వినగానే వీడియో పాజ్ చేయండి, గూగుల్ చూడకుండా జవాబు అనుకోండి. రెడీనా?

మొదటి ప్రశ్న. ఇంగ్లీషు వాళ్ళ పబ్బుల్లో 'పంచ్' అని ఒక డ్రింక్ ఉంటుంది. ఆ పేరు ఇంగ్లీషులో మొట్టమొదట కనిపించే ఉత్తరం ఏ ఊరికి రాశారు? ఎ. బొంబాయి. బి. కలకత్తా. సి. మన కృష్ణా డెల్టా తీరంలో ఒక ఊరికి.

జవాబు సి! 1632 సెప్టెంబర్ 28న రాబర్ట్ ఆడమ్స్ అనే ఈస్టిండియా కంపెనీ మనిషి, పెటపోలిలో ఉన్న థామస్ కోలీకి రాసిన ఉత్తరం అది. పెటపోలి అంటే ఏదో కాదు, మన దివిసీమ నుంచి కృష్ణ దాటి పడమటికి వెళ్తే వచ్చే నిజాంపట్నమే. కంపెనీ వాళ్ళ 'గ్లోబ్' ఓడ 1611లో ఈ తీరానికి వచ్చింది. అప్పుడే పెటపోలిలోనూ, మచిలీపట్నంలోనూ వ్యాపారం మొదలెట్టారు. సారా, పంచదార, నిమ్మరసం, నీళ్ళు, మసాలా, మొత్తం అయిదు సరుకులు కాబట్టి 'పాంచ్' అనే మాట నుంచి పంచ్ అయిందని ఎక్కువమంది చెప్తారు. అంటే పబ్ అనగానే మనకి లండన్ గుర్తొస్తుంది గానీ, అక్కడి గ్లాసులోకి సరుకు ఇటువైపు నుంచే వెళ్ళింది. గ్లాసు సంగతి అయింది, ఇప్పుడు టేబుల్ సంగతి చూద్దాం.

రెండో ప్రశ్న. స్నూకర్ ఎక్కడ పుట్టింది? ఇంగ్లండ్ అన్నవాళ్ళు అవుట్!

జబల్‌పూర్, 1875. అక్కడి మిలిటరీ మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే పందొమ్మిదేళ్ళ ఆఫీసర్ అప్పటికే ఉన్న బిలియర్డ్స్ రకాలు రెండు మూడు కలిపి కొత్త ఆట తయారుచేశాడు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లేన్ వేరు, ఈయన వేరు. కన్‌ఫ్యూజ్ అవ్వకండి. మిలిటరీ అకాడమీలో మొదటి ఏడాది కుర్రాళ్ళని ఏడిపించడానికి 'స్నూకర్' అనేవాళ్ళు. ఆట సరిగ్గా రాని వాడిని ఈయన ఆ మాట అన్నాడు, అదే ఆటకి పేరైపోయింది.

ఇక్కడే అసలు ట్విస్ట్. జబల్‌పూర్ ఎవరి నేల? గోండులది. గఢా మండ్లా గోండు రాజ్యం అక్కడిదే. 1564లో మొఘల్ సేనతో పోరాడి చనిపోయిన రాణి దుర్గావతి ఆ రాజ్యాన్ని ఏలింది. జబల్‌పూర్‌లో మదన్ మహల్ అనే గోండు కోట ఇప్పటికీ ఉంది. మన స్కూలు పుస్తకాల్లో 'గోండ్వానా' అనే ప్రాచీన ఖండం వస్తుంది కదా, ఆ పేరు కూడా వీళ్ళ నేల పేరే. గోండి భాష మన తెలుగుకి దగ్గర చుట్టం, ద్రావిడ భాషల్లో రెండూ ఒకే కొమ్మ. ఒక ఖండానికి పేరిచ్చిన జనం వాళ్ళు. మనకి తెలిసింది మాత్రం స్నూకర్!

మూడో ప్రశ్న. స్నూకర్ రూల్స్ రాతలోకి ఎక్కింది ఏ క్లబ్‌లో?

ఊటీ క్లబ్, 1882. మళ్ళీ అదే అడుగుదాం: ఊటీ ఎవరిది? తోడాలది. నీలగిరి పచ్చిక బయళ్ళలో బర్రెలు మేపుకుంటూ బతికిన జనం వాళ్ళు. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సలివన్ 1822లో అక్కడ స్టోన్ హౌస్ కట్టడం మొదలెట్టాడు. ఆ నేలని తోడాల దగ్గర ఎకరం రూపాయి చొప్పున కొన్నాడని చెప్తారు. ఆ తర్వాత క్లబ్ వచ్చింది, వేట వచ్చింది, గోల్ఫ్ వచ్చింది. పచ్చిక మీద యూకలిప్టస్, వాటిల్ చెట్లు నాటారు. మేత పోతే బర్రె ఏం తింటుంది? బర్రె లేకపోతే తోడాలకి గుడి లేదు, పండగ లేదు. ఎందుకంటే వాళ్ళ గుడే పాలగుడిసె. ఇప్పుడు తోడాల జనాభా రెండు వేలకి అటూ ఇటూగా ఉంది.

వాళ్ళకీ తీరిక ఆటలు ఉన్నాయి ఫ్రెండ్స్. గుండ్రటి బండరాయిని భుజం మీదికి ఎత్తడం ఒకటి. మన బిళ్ళంగోడు లాంటిది ఇంకొకటి. వాటికి ఏ క్లబ్బూ రూల్స్ రాసి గోడకి అంటించలేదు, అంతే తేడా.

నాలుగో ప్రశ్న పబ్ బయటిది, టీవీలో చూసే ఆట. 2010లో ఒక టీమ్ తాము కనిపెట్టిన ఆటలోనే ప్రపంచ పోటీకి వెళ్ళలేకపోయింది. ఏ ఆట? ఎందుకు?

ఆట లాక్రోస్. టీమ్ ఇరక్వాయ్ వాళ్ళది. వాళ్ళ సొంత పేరు హోడెనోషోనీ, ఆరు జాతుల కూటమి. నేల ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రం నుంచి కెనడా దాకా ఉంటుంది. పోటీ ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లో. వాళ్ళు తమ సొంత పాస్‌పోర్టుల మీదే బయల్దేరారు. మేం ముందు నుంచీ ఇక్కడివాళ్ళం, మా దేశం మాకుంది అని వాళ్ళ మాట. అమెరికా ఆ ఒక్కసారికి సరే అంది, బ్రిటన్ ఆ పాస్‌పోర్టులు చెల్లవంది. అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటే వెళ్ళిపోవచ్చు. తీసుకోలేదు. ఆడకుండా వెనక్కి వెళ్ళారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో లాక్రోస్ మళ్ళీ వస్తోంది, కాబట్టి ఈ వాదన మీరు మళ్ళీ వింటారు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి: కాగితం. నీ నేల నీదని చెప్పడానికి నీ మాట చాలదు, కాగితం అడుగుతారు. ఈ మాటతో మన ఊరికి వచ్చేద్దాం.

అయిదో ప్రశ్న, ఆఖరిది. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరితే మనందరం స్టేటస్ పెడతాం. మరి రాకెట్ల కంటే ముందు ఆ దీవి ఎవరిది?

యానాదులది. 1969లో ఆ చోటు ఎంచుకున్నారు, 1971 నుంచి ప్రయోగాలు మొదలయ్యాయి. అడవిలో దుంపలు, తేనె, కట్టెలు ఏరుకుని, పులికాట్‌లో చేపలు పట్టుకుని బతికిన కుటుంబాలు కదలాల్సి వచ్చింది. రాకెట్ వద్దని నేను అనట్లేదు. క్విజ్‌లో మొదటి రాకెట్ పేరు అడుగుతారు, ఆ దీవి జనం పేరు ఎవరూ అడగరు. నేను చెప్పేది అంతే.

ఇప్పుడు దివిసీమ. యానాదులు ఇక్కడా ఉన్నారు. మీరు చూసే ఉంటారు. మడ అడవుల పాయల్లో చేత్తో పీతలు పట్టేది వాళ్ళే. వరి చేలో ఎలుక కలుగులోకి పొగ ఊది, మన ధాన్యం కాపాడేది వాళ్ళే. చేపల చెరువు గట్టు మీద చిన్న గుడిసెలో రాత్రంతా కాపలా ఉండేదీ చాలాచోట్ల వాళ్ళే. 'అనాది' నుంచి యానాది వచ్చిందని ఒక మాట ఉంది, అంటే మొదలు తెలియనంత పాతవాళ్ళు. అలాంటి పేరుని మనలో కొందరు తిట్టులా వాడతారు. ఈ ఎపిసోడ్ చూశాక అదొక్కటి మానేసినా చాలు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. గిరిజనులు అనగానే మనం అరకు, పాడేరు అనుకుంటాం. గిరి అంటే కొండ కదా! కానీ రాష్ట్రంలోని పెద్ద గిరిజన తెగల్లో ఒకటైన యానాదులు ఉండేది సముద్రం ఒడ్డున, కాలవ గట్ల మీద. దీంతో ఒక చిక్కు ఉంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే. మన కృష్ణా జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. అంటే మనిషి ఎస్టీనే, నేలకి మాత్రం ఆ రక్షణ లేదు. పైగా చాలా కుటుంబాలకి ఇంటి పట్టా లేదు, కుల సర్టిఫికెట్ లేదు, కొందరికి ఆధార్ కూడా లేదు. గట్టు వెడల్పు చేయాలంటే ముందు లేచేది వాళ్ళ గుడిసే.

మన దగ్గర పబ్బులు లేవు గానీ అరుగు మీద పులి-మేక ఆట ఉంది కదా. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకని చంపగలదు. మేక పులిని చంపలేదు. మరి పులి ఎలా ఓడిపోతుంది? కదలడానికి గడి లేక. చుట్టూ గళ్ళన్నీ నిండిపోతే అంత బలమున్న పులీ అక్కడే ఆగిపోతుంది. గోండులు, తోడాలు, యానాదులు... వాళ్ళకి బలం లేక కాదు, తెలివి లేక కాదు. గళ్ళు నిండిపోయాయి.

మరి మనం ఏం చేయగలం? మన చేతిలో ఫోన్ ఉంది. మీ ఊళ్ళో యానాది కుటుంబంలో ఎవరైనా అన్నకో పెద్దమ్మకో ఆధార్, ఎస్టీ సర్టిఫికెట్ లేకపోతే, సచివాలయానికి తోడు వెళ్ళండి. ఫారం నింపిపెట్టండి. అటవీ భూమి విషయమైతే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి అక్కడ బతుకుతున్న గిరిజనులు హక్కు అడగొచ్చు. ఆ చట్టం కింద పెద్దవాళ్ళు చెప్పిన మాటని రాసిపెట్టినా సాక్ష్యమే, అన్నీ సర్కారు కాగితాలే అక్కర్లేదు. కాబట్టి వాళ్ళకి ఇష్టమైతే, వాళ్ళ తాత ఏ పాయలో వల వేశాడో, ఏ గట్టు మీద పుట్టాడో అడిగి రాసిపెట్టండి. ఫొటో తీసే ముందు మాత్రం అడగండి.

ఎన్నిటికి ఎన్ని వచ్చాయి? అయిదుకి అయిదు వస్తే మీరు సూపర్. రాకపోయినా ఏం పర్లేదు. ఈసారి స్నూకర్ ఆడేటప్పుడు పక్కనున్న ఫ్రెండ్‌ని రెండో ప్రశ్న అడగండి. వాడు ఇంగ్లండ్ అంటాడు, గ్యారంటీ! అప్పుడు జబల్‌పూర్ చెప్పండి, గోండుల గురించి చెప్పండి, అక్కడి నుంచి మన నాగాయలంక దాకా తీసుకురండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే!