అడిగితే "లేదు" అన్నాడు

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. అయినా పిల్లల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళడం గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే ఆ విషయంలో నేనొకసారి పెద్ద పొరపాటే చేశాను.

అప్పటికి మా వాడికి ఆరేళ్ళు. ఓ శనివారం కడుపునొప్పన్నాడు, వాంతి చేసుకున్నాడు, ఒళ్ళు కాస్త వెచ్చబడింది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ "పొద్దున్నుంచీ వీడు వంగి నడుస్తున్నాడ్రా" అంది. "అజీర్తిలే అమ్మా" అనేశాను.

సాయంత్రం ఇక్కడి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. "నొప్పిగా ఉందా?" అని డాక్టరుగారు అడిగితే వాడు తల అడ్డంగా ఊపాడు. ఉందంటే సూది పొడుస్తారని వాడి భయమట, తర్వాత చెప్పాడు. మిగతా ప్రశ్నలకి వాడి బదులు నేనే గబగబా జవాబులు చెప్పేశాను.

తర్వాత వచ్చిన నర్సు నన్నేమీ అడగలేదు. వాడి ఎదురుగా నేల మీద కూచుని, వాడి బూట్ల గురించి కబుర్లు చెప్పి, "ఏదీ, ఒక్కసారి గెంతు" అంది. వాడు గెంతలేదు, పొట్ట పట్టుకున్నాడు. మూల కూచున్న మా అమ్మ మళ్ళీ అదే మాట అంది. "ఆవిడ ఏమంటున్నారు?" అని నర్సు అడిగితే గానీ నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పలేదు. స్కాన్ తీశారు. అపెండిక్స్ వాచింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. వాడు కులాసాగా ఉన్నాడు, అది మా అదృష్టం.

ఆ తర్వాత కొన్ని సంగతులు చదివి తెలుసుకున్నాను. మాటలు రాని పసివాళ్ళ నొప్పిని చూసి లెక్కకట్టే పద్ధతి ఒకటి 1997లో వచ్చింది. ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకోవడం - ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. మూడేళ్ళు దాటినవాళ్ళకి ఆరు ముఖాల బొమ్మలు చూపించి "నీ నొప్పి వీటిలో ఏది?" అంటారు. వాటిని 1983లో ఓక్లహోమాలో ఒక నర్సు, ఆస్పత్రిలో పిల్లల్ని చూసుకునే మరొకావిడ కలిసి తయారుచేశారు. ఎనిమిదేళ్ళ పిల్లలు సాధారణంగా పదికి ఎంతో అంకెల్లో చెప్పగలరు. టీనేజి పిల్లలతో మాట్లాడేటప్పుడు డాక్టర్లు మనల్ని కాసేపు బయట కూచోమంటారు. నొచ్చుకోకండి. మన ముందు చెప్పలేనివి అప్పుడే చెబుతారు.

ఇక మనం చేయాల్సింది. బిడ్డని అడిగిన ప్రశ్నకి బిడ్డనే జవాబు చెప్పనివ్వండి. సూది నొప్పెట్టదని అబద్ధం చెప్పకండి, ఇంకోసారి నమ్మరు. మామూలుకీ ఇవాళ్టికీ తేడా ఏమిటో డాక్టరుకి చెప్పండి: తిండి, నిద్ర, నడక, ఆట. ఆ తేడా ఇంట్లో ఉండే అమ్మమ్మకో నానమ్మకో ముందు కనిపిస్తుంది. వాళ్ళకి ఇంగ్లీషు రాకపోతే దుబాసీని అడగండి. అమెరికాలో ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని చట్టం. పెద్ద పిల్లాడి చేత తర్జుమా చేయించకండి.

మా అమ్మ పొద్దున్నే చెప్పింది. నేను సాయంత్రం దాకా వినలేదు. మీరు వింటారని ఆశిస్తూ, సెలవు.