అప్పులపాలైన స్థిరాస్తి ట్రస్టు

నలభై డాలర్లు పలికిన వాటా అర డాలరుకు దిగినదని వినగానే కొనబోయేవారు ఎప్పుడూ కొందరుంటారు. ఇంత దిగినది ఇంకెక్కడికి దిగుతుందని వారి వాదం. సున్న అనే అంకె ఒకటి ఉన్నదని వారికి తోచదు. అమెరికాలోని జనరల్ గ్రోత్ ప్రాపర్టీస్ అనే ట్రస్టు కథ ఇట్టి ఆశకు గొప్ప ఆధారమైనది. ఆ కథను నెమ్మదిగా పరిశీలించవలెనని మా ఉద్దేశం.

స్థిరాస్తి ట్రస్టు అనగా పలువురి సొమ్ముతో భవనాలు కొని, అద్దెలు వసూలుచేసి, ఆ రాబడిని వారికి పంచే సంస్థ. 1960లో అమెరికా చట్టం దీనికి రూపమిచ్చినది. ఇప్పటి నిబంధన ప్రకారం పన్ను విధింపదగిన ఆదాయంలో కనీసం 90 శాతం పంచవలెను. వచ్చినది వచ్చినట్లు పంచే ఇంట గాదె నిండదు గదా! కనుక కొత్త ఆస్తి కొనవలెనన్న అప్పు తప్పదు. పాత అప్పు తీర్చుటకు మళ్ళీ కొత్త అప్పు కావలెను.

జనరల్ గ్రోత్ ఈ మార్గంలోనే 200కు పైగా విక్రయశాలల సముదాయాలను సంపాదించినది. 2004లో రౌస్ కంపెనీని 1,200 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కొన్నది. 2008లో ఋణ విపణి స్తంభించినది. దుకాణాలు తెరచియే ఉన్నవి, అద్దెలు వస్తూనే ఉన్నవి. గడువు తీరిన అప్పును తిరగరాసేవారు మాత్రం కరవైనారు. 2009 ఏప్రిల్ 16న సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించినది. అప్పు సుమారు 2,700 కోట్ల డాలర్లు. లెక్కల పుస్తకాలలో ఆస్తి సుమారు 2,950 కోట్లు. ఆ ఆస్తి విలువ పదవ వంతు తరిగినా వాటాదారునికి మిగిలేది శూన్యమే.

అప్పిచ్చినవారు తృప్తిచెందిన పిదపనే వాటాదారుని వంతు వచ్చుననేది దివాలా విచారణలోని క్రమం. సాధారణంగా అంతవరకు ఏమీ మిగలదు. అయినను బిల్ ఆక్‌మన్ నడుపుచుండిన పెర్షింగ్ స్క్వేర్ అనే నిధి, ధర నేలనంటిన వేళ, దాదాపు నాలుగవ వంతు వాటాలపై పట్టు సంపాదించినది. ఈ సంస్థకు ఆస్తి కొరతపడలేదు, వ్యవధి మాత్రమే కొరతపడినదని ఆయన వాదన. అది నిజమే అయినది. తనఖా ఋణాల గడువులు పొడిగింపబడినవి. 2010 ఫిబ్రవరిలో పోటీదారైన సైమన్ సంస్థ కొనుటకు ముందుకు రాగా, జనరల్ గ్రోత్ నిరాకరించి బ్రుక్‌ఫీల్డ్ మొదలగువారి పెట్టుబడిని స్వీకరించినది. ఆ ఏటి నవంబరులో బయటపడినది. పాత వాటాలు రద్దు కాలేదు. హోవర్డ్ హ్యూస్ అనే కొత్త సంస్థలో కూడ వారికి వాటాలు లభించినవి.

ఇక్కడనే శ్రోతలు కొంచెం ఆగవలెను. 2020 నవంబరులో సి.బి.ఎల్. అనే మరొక విక్రయశాలల ట్రస్టు అదే మెట్లెక్కినది. మరుసటి ఏడాది బయటపడిన సంస్థలో అధికభాగం అప్పిచ్చినవారి వశమైనది; పాత వాటాదారులకు దక్కినది స్వల్పం. అక్కడ కొరతపడినది వ్యవధి ఒక్కటే కాదు, అద్దెలు కూడ. గిరాకులు అంతర్జాలపు కొనుగోళ్లకు మరలగా, పెద్ద దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడినవి. ఒకే విధమైన వార్త, ఫలితాలు రెండు! పునర్వ్యవస్థీకరణ వదంతి వినగానే కొన్నవారికి ఈ తేడా తెలియు అవకాశం తక్కువ.

మన దేశంలో సెబీ 2014లో నిబంధనలు చేయగా, 2019లో మొదటి ట్రస్టు స్టాక్ ఎక్స్ఛేంజికి వచ్చినది. హైదరాబాదు మాధాపూరులోని మైండ్‌స్పేస్ కార్యాలయ భవనాలు కూడ 2020లో నమోదైన ఒక ట్రస్టులోనివే. ఇక్కడ అప్పు ఆస్తుల విలువలో 49 శాతం మించరాదు. ఈ కట్టుబాటు మంచిదే. అయినను ఏ అప్పు ఏ ఏట తీర్చవలెనో తెలుసుకొనవలెనన్న వార్షిక నివేదికలోని ఋణ గడువుల పట్టికనే చూడవలెను. పంచిపెట్టిన మొత్తాల పుటకన్న ముందుగా దానిని తెరువుడని మా మనవి.