గుండు తగలని కారు ఎవరికి? మందుపాతర మీద నడిచే బండి ఎవరికి?

(ఆటోనగర్‌లో డ్రైవర్లు, వెల్డర్లు, మెకానిక్కులు కూడిన సభలో మా ప్రసంగ పాఠం)

అన్నలారా, అక్కచెల్లెళ్ళారా, షెడ్లు మూసి చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చిన తమ్ముళ్ళారా, జైభీమ్!

ఇనుము గురించి మీకు చెప్పేటంత వాళ్ళం కాదు మేము. సుద్దముక్క పట్టినోళ్ళం. ఏ రేకు ఎంత దెబ్బకి ఆగుతుందో, ఏ ఛాసిస్ ఎంత బరువు మోస్తుందో మీకే ఎరిక. అందుకే ఈ సంగతి మీ మధ్యనే మాట్లాడుకోవాలనుకున్నాం. పోరుకి పంపిన జవానుకి గట్టి బండి ఎందుకివ్వలేదు, తప్పు నీదంటే నీదని పార్టీలు కొట్టుకుంటాయి. ఆ బండిలో కూచున్నవాడు ఏ పేట వాడో, ఏ గూడెం వాడో మాత్రం ఒక్క పార్టీ అడగదు. మేము అడుగుతున్నాం.

ముందు ఒక సంగతి. మిలట్రీలో మనకి రిజర్వేషన్ లేదు. సి.ఆర్.పి.ఎఫ్.లో ఉంది. అందుకే మా బడిలో చదివి గట్టెక్కిన మాల మాదిగ కుర్రాళ్ళు, హాస్టల్లో ఉండి చదివిన ఏజెన్సీ పిల్లలు ముందు చూసేది సి.ఆర్.పి.ఎఫ్. నోటిఫికేషనే. అయ్యకి సెంటు భూమి లేదు, ఇంకేటి చేస్తాడు? పరుగు పందెంలో నెగ్గి తుపాకి పట్టుకుంటాడు. దేశభక్తి గురించి వాడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వాడిని ఏ బండి ఎక్కించారన్నదే మా ప్రశ్న.

2016 జూన్ 25న కాశ్మీరులో పాంపోర్ దగ్గర సి.ఆర్.పి.ఎఫ్. బస్సు మీద కాల్పులు జరిగాయి. 8 మంది చచ్చిపోయారు. మామూలు బస్సు. అందులో ఒక జవాను ఉత్తరప్రదేశ్‌లో నట్ కులం వాడు, షెడ్యూల్డు కులం. శవం ఊరికొస్తే ఉమ్మడి స్థలంలో దహనం చెయ్యడానికి వీల్లేదని పెద్దకులాల వాళ్ళు అడ్డం పడ్డారు. అధికారులు వచ్చి బతిమాలితే పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు జాగా ఇచ్చారు. దేశమంతటికీ కాపలా కాసినవాడికి సొంత ఊళ్ళో దొరికింది అదీ! కారంచేడు, చుండూరు చూసిన మనకి ఇందులో వింతేమీ లేదు.

మూడేళ్ళు తిరక్కుండా అదే రోడ్డు. మళ్ళీ బస్సులే. 2019 ఫిబ్రవరి 14, పుల్వామా జిల్లా లేత్‌పొరా. 78 బళ్ళ కాన్వాయిలో రెండున్నర వేలమంది పోతున్నారు. పేలుడు సామాను నింపిన కారు వచ్చి ఒక బస్సుని గుద్దింది. 40 మంది పోయారు. వాళ్ళు ఎవరెవరని కారవాన్ అనే ఇంగ్లీషు పత్రిక కుటుంబాల్ని అడిగి రాసింది. 19 మంది వెనుకబడిన కులాలు, 7 మంది ఎస్సీలు, 5 మంది ఎస్టీలు. అలా రాసినందుకు, చచ్చినోళ్ళకి కులం అంటగడతారా అని ఆ పత్రిక మీద విరుచుకుపడ్డారు. బతికున్నన్నాళ్ళూ మనకి కులం అంటగట్టింది ఎవరో మరి?

ఇక నెపాల సంగతి. అప్పుడు జమ్మూ కాశ్మీర్ గవర్నరుగా ఉన్న సత్యపాల్ మాలిక్ 2023 ఏప్రిల్లో బయటపెట్టాడు. జవాన్లను తీసుకుపోడానికి సి.ఆర్.పి.ఎఫ్. విమానాలు అడిగిందనీ, హోంశాఖ కాదందనీ, ఐదు విమానాలు ఇస్తే సరిపోయేదనీ, ఈ మాట బయట అనొద్దని ప్రధానమంత్రే తనకి చెప్పాడనీ అన్నాడు. గద్దె మీద ఉన్నప్పుడు నోరెందుకు మెదపలేదని హోంమంత్రి అమిత్ షా ఎదురడిగాడు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు, గవర్నరు బంగళాలో కూచుని మౌనంగా ఉన్నది నిజమే కదా. కానీ అడిగినదానికి అది జవాబా? పుల్వామా జరిగిన వారానికి, 2019 ఫిబ్రవరి 21న, సి.ఆర్.పి.ఎఫ్. లాంటి కేంద్ర బలగాల జవాన్లందరూ, ఆఖరికి కానిస్టేబులైనా సరే, ఢిల్లీ–శ్రీనగర్, శ్రీనగర్–జమ్మూ దారుల్లో విమానం ఎక్కొచ్చని హోంశాఖ ఆర్డరు వేసింది. ఏడు రోజుల్లో వేసిన ఆర్డరు అంతకుముందు ఎందుకు వెయ్యలేదు? ఏ బల్ల దగ్గర, ఎవరి సంతకం దగ్గర ఆగింది? మాలిక్ 2025 ఆగస్టులో చనిపోయాడు. ఆ సంతకం ఎవరిదో మనకింకా తెలీదు.

గట్టి బండి ఉంటే చాలా అంటే, అదీ చూద్దాం. మందుపాతరకి తట్టుకునే బండికి అడుగుభాగం ఇంగ్లీషు ‘వి’ అక్షరంలాగా ఉంటుంది. వాలుగా వేసిన పాక మీద వాన నిలవకుండా జారిపోయినట్టు, కింద పేలిన దెబ్బ పక్కలకి జారిపోతుంది. మన లారీ అడుగు చదునుగా ఉంటుంది గనక దెబ్బంతా లోపలికే తంతుంది. ఈ పద్ధతి బళ్ళలో పేరుపడ్డది కాస్పిర్. దక్షిణాఫ్రికాలో తెల్లజాతి ప్రభుత్వం పోలీసుల కోసం చేయించింది. నల్లవాళ్ళ పేటల మీదికి తోలింది కూడా దాన్నే. 1990ల చివర్లో మన దేశం ఆ బళ్ళు కొన్నది. తర్వాత ఆ నమూనా మీదనే మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో, ఎద్దుమైలారంలో, మన బండి తయారైంది.

అదీ ఆగలేదు. 2005 సెప్టెంబరు 3న బీజాపూర్ ప్రాంతంలో అలాంటి బండే పేలి 24 మంది పోయారు. మన సీలేరు అవతల మల్కనగిరిలో 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో లాంచీ మీద కాల్పులు జరిపి ముంచేస్తే 38 మంది పోయారు, ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ వాళ్ళే. పదిహేడు రోజులకి, జులై 16న, అదే జిల్లాలో మందుపాతర బండి పేలి 17 మంది ఒడిశా పోలీసులు పోయారు. 2012 జనవరిలో జార్ఖండ్ గఢ్వాలో 13 మంది. అప్పటి సి.ఆర్.పి.ఎఫ్. అధిపతి కె.విజయకుమారే ఈ బళ్ళు చక్రాల మీద శవపేటికలైపోయాయన్నాడు. బండి తట్టుకునేది కొన్ని కిలోల మందుకి. రోడ్డు కింద అంతకి ఎన్నో రెట్లు పాతిపెడితే ఏ రేకు ఆపుతుంది? అందుకే, తెలిసిన అధికారులు బండి దిగి నడవమంటారు.

ఆ మందుపాతర పెట్టినవాళ్ళూ పేదల పేరే చెప్పారు. పేలినప్పుడు లోపలున్నది ఎవరని వాళ్ళనీ అడుగుతాం.

ఇనుప బండి ఎవరికి దక్కుతుందో చూడండి. 2003 అక్టోబరు 1న అలిపిరిలో క్లేమోర్ మైన్లు పేలితే ముఖ్యమంత్రి చంద్రబాబు గుండు తగలని కారులో ఉన్నాడు గనక గాయాలతో బయటపడ్డాడు. బతకడం మంచిదే, ఎవరి ప్రాణమైనా ప్రాణమే. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ వెళ్ళింది మామూలు కార్లలో. ఇద్దరూ ఆదివాసీ నాయకులు, ఇద్దర్నీ కాల్చేశారు. చెప్పకుండా వెళ్ళారన్నారు పోలీసులు. సస్పెండైంది డుంబ్రిగుడ ఎస్.ఐ.! నెపం ఎప్పుడూ పల్లానికే పారుతుంది.

అమెరికాలోనూ ఇదే తంతు. 2004 డిసెంబరు 8న కువైట్‌లో రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్‌ని ఒక సైనికుడు లేచి అడిగాడు. మా బళ్ళకి కవచం లేక తుక్కు కుప్పల్లో ఇనుప ముక్కలు ఏరుకుని అతికించుకుంటున్నాం, ఎందుకిలా అని. మీరు రోజూ చేసే పని అయ్యా అది, వాళ్ళు ఇరాక్ పోతూ చేసుకున్నారు! ఉన్న సైన్యంతోనే యుద్ధానికి పోతామన్నాడు మంత్రి. ఆ ప్రశ్న రాయడంలో ఒక విలేకరి సాయం చేశాడని తెలిసేసరికి పెద్దలు బండిని వదిలేసి విలేకరి మీద పడ్డారు. కవచం వేసే కంపెనీ మాత్రం నెలకి ఇంకో వంద బళ్ళు ఇవ్వగలమని అన్నది. అడిగినవాడు లేడు, అంతే.

బ్రిటన్‌లో ఒక తల్లి సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. 2005లో ఆవిడ కొడుకు స్నాచ్ అనే పలచటి బండిలో ఇరాక్‌లో పోయాడు. ఆవిడ కోర్టుకెక్కింది. ఇలాంటి కేసు వినాల్సిందేనని 2013లో అక్కడి సుప్రీంకోర్టు అన్నది. 2017లో రక్షణమంత్రి క్షమాపణ ఉత్తరం రాశాడు. పన్నెండేళ్ళు పట్టింది.

మన దగ్గర ఆ తల్లి ఎవరిని అడగాలి? 2005 సమాచార హక్కు చట్టం ఉంది గదా అంటారు. అదే చట్టం 24వ సెక్షన్ కింద సి.ఆర్.పి.ఎఫ్. మినహాయింపు జాబితాలో ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన తప్ప వేరేదేదీ అడగడానికి లేదు. పార్లమెంటులో ఎం.పి. అడిగితేనే జవాబు రావాలి.

ఆఖరుగా డ్రైవరన్నలకి. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర వ్యాను పేలి 10 మంది డి.ఆర్.జి. జవాన్లు పోయారు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు రోడ్డులో స్కార్పియో పేలి 8 మంది. డి.ఆర్.జి. అంటే అక్కడి ఆదివాసీ పిల్లలే. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ఒకప్పుడు మావోయిస్టుల్లో ఉండి బయటికొచ్చినవాళ్ళేనని పోలీసు అధికారులే చెప్పారు. రెండుసార్లూ స్టీరింగు మీదున్న డ్రైవరు కూడా పోయాడు. ఎనిమిది మంది జవాన్లు, ఒక డ్రైవరు అని పేపర్లో చివర రాశారు. మీలో పోలీసు కిరాయికి బండి తిప్పినోళ్ళు ఉంటే ఒక్కసారి చెయ్యెత్తండి. మీకు కిరాయి కాగితంలో ప్రాణానికి ఏమి రాశారు? రాయకపోతే అదే మన మొదటి డిమాండు.

అర్జీ రాసి బల్ల మీద పెట్టాం. విశాఖ ఎం.పి.కి ఒకటి, అరకు ఎం.పి.కి ఒకటి. ఏ దాడిలో ఏ బండి వాడారు, గట్టి బండో విమానమో అడిగితే ఎవరు కాదన్నారు, కిరాయి డ్రైవరు కుటుంబానికి ఎంత ఇచ్చారు అని సభలో అడగమని అందులో ఉంది. చదవడం రానోళ్ళకి మా పిల్లలు చదివి వినిపిస్తారు. విన్నాకనే సంతకం పెట్టండి, వేలిముద్రైనా సరే. డ్రైవర్లు తమ పేరు పక్కన బండి నెంబరు కూడా వెయ్యండి.